ఎత్తొద్దన్న బరువు

హెర్నియా ఆపరేషన్ అయినంక నిజామాబాద్ డాక్టర్ ఏసయ్యకు ఒక్కటే మాట మూడుసార్లు చెప్పిండు. "పెద్దయ్యా, రెండు నెలలు బరువు ఎత్తొద్దు. నీళ్ల బిందె సుత ముట్టొద్దు."

ఏసయ్య తలూపిండు గని, ఆయన పానమంత బోధన్‌ల, ఇంటికాడ మంచం మీదున్న శారమ్మ దగ్గరనే ఉన్నది. బిందెనైతె పక్కకు పెట్టొచ్చు. పెండ్లాన్ని ఎట్ల పెడతడు?

శారమ్మకు పక్షవాతం వచ్చి నాలుగేండ్లు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పని చెయ్యవు. మాట ఆగి ఆగి వస్తది. లేపి కూసోబెట్టుడు, బాత్రూముకు తీసుకపోవుడు, తానం పోసుడు అన్నీ ఏసయ్యే. అరవై ఎనిమిదేండ్లొచ్చినా, చెరుకు మోపులు లారీలకెత్తిన ఒళ్లని ఆయనకు ధీమా. గజ్జల్ల నిమ్మకాయంత ఉబ్బు లేస్తె ఏడాదిన్నర ఎవరికీ చెప్పలే. పండుకుంటె లోపలికి పోతుండె, ఆమెను ఎత్తితె బయటికొస్తుండె. ఆఖరికి అది లోపలికి పోక వాంతులు పట్టుకుంటె, బిడ్డ సువర్ణ వచ్చి దవాఖానకు తీసుకపోయింది.

సువర్ణ నిజామాబాద్‌ల ఒక బడిల ఆయా. బాపు ఇంటికొచ్చినంక వారం రోజులుండి, ఇంక సెలవు దొరకక వాపసు పోయింది. పోతు పోతు తల్లిని పక్కింటి ఈరవ్వకు అప్పజెప్పింది. ఈరవ్వ బీడీలు చేస్తది, గట్టి మనిషి. పొద్దున, పగలు, మాపటికి చాట పక్కకు పెట్టి వచ్చి, "అక్కా, నా మెడ పట్టుకో" అని శారమ్మను లేపేది. శారమ్మ కండ్లు మూసుకునేది. ఏసయ్య వాకిట్ల కూసుండి, దగ్గొచ్చినప్పుడల్ల కుట్ల మీద దిండు ఒత్తి పట్టుకుంట, లోపలి చప్పుళ్లు వింటుండె. తన పని ఇంకొకలు చేస్తుంటె ఆయనకు చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు.

ఇంకో పది రోజులకు శారమ్మకు చలిజరం పట్టింది. పొద్దున ఏసయ్యను చూసి "ఎవలు?" అన్నది. మల్ల పక్షవాతమే వచ్చిందని ఆయన ఈరవ్వను కేకేసిండు. ఈరవ్వ, ఆమె మొగడు భోజన్న కలిసి శారమ్మను ఆటోల ఎక్కించిండ్రు. గుంత వచ్చినప్పుడల్ల ఏసయ్య ఒక చేత్తోని కడుపు పట్టుకున్నడు గని, రెండో చేత్తోని ఆమె చెయ్యి ఇడువలే.

"మూత్రంల ఇన్ఫెక్షన్" అన్నది బోధన్ డాక్టరమ్మ. "ఒంట్ల నీళ్లే లేవు. తాగుతలేదా?"

"చెంబెడు పెడుతున్న మేడం. ఎప్పటికప్పుడు ఖాళీ అయితుంది."

"తాగితె గిట్ల కాదు పెద్దయ్యా."

రెండు రోజులు గ్లూకోజు ఎక్కినంక శారమ్మకు తెలివొచ్చింది. ఏసయ్య మంచం మీదికి వంగి అడిగిండు. "నీళ్లేం జేసినవే?"

"మంచం పక్క కిటికీల నుంచి... పారబోసిన."

"ఎందుకు?" అని అరిచిండు. పక్క మంచాలోళ్లు తిరిగి చూసిండ్రు. కుట్లు చుర్రుమన్నయి.

"తాగితె లేవాలె గద. ఈరవ్వ ముందల... నాకు సిగ్గు. నువ్వెత్తితె నీ కడుపు మల్ల పల్గుతది. నా బరువుకే గద... పల్గింది."

ఏసయ్య స్టూలు మీద కూలబడ్డడు. "ఉబ్బు లేసిన్నాడే చెప్తె గింత దాంక రాకపోతుండె. దాసుకున్నది నేను. నువ్వు గూడ గదే చేసినవ్" అన్నడు.

ఇంటికొచ్చిన మూడో రోజు ఈరవ్వ బీడీలు ఇచ్చొస్తనని కార్ఖానకు పోయింది. అప్పుడే శారమ్మ బాత్రూముకని అల్లాడింది. ఏసయ్య బజారు దిక్కు చూసిండు. ఈరవ్వ జాడ లేదు. ఆగలేక శారమ్మ చంకల కింద చేతులు పెట్టిండు. నడుము బిగవట్టంగనే ఆమె కుడి చేత్తోని ఆయన ఛాతి మీద గట్టిగ నూకింది.

"వద్దు... వద్దంటున్న."

మంచం తడిసింది. శారమ్మ మొకం గోడ దిక్కు తిప్పుకున్నది. తువ్వాలతోని అందినంత వరకు తుడిచిండు గని, ఆమె కిందున్న దుప్పటిని మాత్రం గుంజలేకపోయిండు. తడి చల్లబడుతుంటె పక్కనే నిలబడి, ఆమె ఈపు మీద చెయ్యేసి ఉంచిండు.

అర్ధగంటకు ఈరవ్వ వచ్చింది. గడపల నుంచే చూసి, చెప్పులిడిచి, కొంగు నడుముకు చెక్కింది. "అన్నా, నువ్వు బయటికి పోకు. తలకాయ దిక్కు నిలబడి అక్క చెయ్యి పట్టుకో" అన్నది. శారమ్మను అటు ఇటు ఒరిగించి దుప్పటి మార్చింది, పొడి చీర కట్టింది. శారమ్మ కండ్లు మూసుకోలే. నీళ్లు కారుతున్నయి గని, ఏసయ్య మొకం దిక్కే చూస్తున్నది.

పనైనంక ఏసయ్య గిలాసల నీళ్లు తెచ్చి నోటికందించిండు. ఆమె సగం తాగి ఆపింది.

"ఇంకింత?"

శారమ్మ గిలాసను చూసింది. తర్వాత గడప దాటుతున్న ఈరవ్వను చూసింది.

"మల్ల ఎప్పుడొస్తదో... అడుగు" అన్నది.