మూడో మెట్టు

రాత్రి నానబెట్టిన తునికాకును లచ్చవ్వ తడి గోనెలోంచి తీసి, రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తిరిస్తోంది. కత్తిరించిన ఆకునల్లా తడిబట్టలో చుట్టి పెడుతోంది. ఆరిందంటే బీడీ చుట్టేటప్పుడు పటుక్కున విరుగుతుంది. దగ్గు వచ్చినప్పుడు కత్తెర పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, అది పోయేదాకా ఆగి మళ్లీ పని అందుకుంటోంది. కోరుట్లలో ఆ వాడకట్టు మొత్తం ఆమె దగ్గుతోనే నిద్ర లేస్తుంది.

ఒంట్లో ఇక మిగిలిందేమీ లేదు. మెడ ముందుకు వాలిపోయింది. బీడీ మూతి మడిచి మడిచి బొటనవేలి గోరు సగానికి అరిగింది. ఇప్పుడు అత్తారింట్లో ఉన్న బిడ్డ అఖిల కడుపులో ఉన్నప్పుడు కూడా బీడీలు చుట్టే చాట ఒళ్లోంచి దిగలేదు, కాస్త మోకాళ్ల మీదికి జరిగింది అంతే. పెనిమిటి పోచయ్య దుబాయిలోనే పోయాడని కబురు వచ్చిన రోజు కూడా బీడీలు చుట్టింది. ఏడవడానికి చేతులతో పనేముంది?

ఈమధ్య నాలుగడుగులు వేస్తే చాలు, గుండెను ఎవరో పిడికిట్లో పట్టి పిండినట్టవుతోంది. బీడీ కార్ఖానా దవాఖానలో చూపించుకోవాలంటే, బీడీలు లెక్కచూసి తీసుకునే మున్షీ మధుకర్ చిట్టీ రాసి సంతకం పెట్టాలి. నెల నుంచీ రేపు రా అంటున్నాడు. ఇప్పుడు కొత్త పాట అందుకున్నాడు. సేటు యోగా క్లాసు పెట్టించాడు, ముందు అది చెయ్యి, దగ్గు దానంతట అదే పోతుంది, దవాఖాన దేనికి అంటున్నాడు. క్లాసులో కూర్చోనివాళ్ల బీడీలు తీసుకోనని కూడా చెప్పాడు. ఆరోగ్యం కూడా హుకుం మీదే.

నిన్న చుట్టిన బీడీ కట్టల గంప నెత్తిన పెట్టుకుని, పక్కింటి సుజాతతో కలిసి ఆగి ఆగి నడిచింది. కార్ఖానా వరండాలో తంబాకు బస్తాల పక్కనే చాపలు పరిచారు. క్లాసు చెప్పే సింధూజ జగిత్యాల నుంచి వస్తుంది, మెత్తని మనిషి. తంబాకు ఘాటుకు ఆమెకే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి తుడుచుకుని, లోతుగా గాలి పీల్చండని అందరికీ చెబుతోంది.

యోగానికి ఎనిమిది మెట్లు అంది. మొదటి మెట్టులో ఎవరినీ హింసించకూడదు, అబద్ధమాడకూడదు, దొంగిలించకూడదు. రెండో మెట్టు శుచిగా, ఉన్నదానితో సంతోషంగా ఉండటం. ఇవన్నీ చాలా పెద్ద విషయాలు, పనులు చేసుకునే మనకు మూడో మెట్టు ఆసనాల నుంచి మొదలుపెడితే చాలు అని నవ్వింది.

లచ్చవ్వ మాత్రం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. వరండా చివర మధుకర్ బల్ల మీద రోజూ జరిగేదే జరుగుతోంది. కట్ట విప్పుతాడు, వేళ్లతో నొక్కి చూస్తాడు, వదులుగా ఉన్నాయనో మూతి బాగాలేదనో పిడికెడు తీసి తన డబ్బాలో వేసుకుంటాడు. వాటికి కూలి లేదు. సాయంత్రానికి ఆ బీడీలే మంచివాటితో కలిసి కట్టలై బండెక్కుతాయి. అందరికీ తెలిసిన సంగతే, ఒక్కరూ నోరెత్తరు. దొంగతనం వద్దని చెప్పే క్లాసు అతని ముందే పెట్టారు కదా, అతనికి కూడా చెబుతారనే అనుకుంది ఆ పిచ్చితల్లి.

"బిడ్డా, మొదటి మెట్టు ఎందుకు ఇడిసిపెడ్తున్నవ్? గా డబ్బల పడ్తున్నయి మా బీడీలే. గాయనను గూడ ఈడ కూసోపెట్టి, గా మెట్టు నుంచే షురూ చెయ్యి."

సింధూజ మధుకర్ వైపు చూసి, చూపు దించుకుంది.

"లచ్చవ్వా, ఇగ చిట్టీ మాట నన్ను అడగకు," అన్నాడు మధుకర్, తలెత్తకుండానే. ఆమె గంపను ముందుకు లాక్కుని కట్ట మీద కట్ట విప్పి డబ్బాలోకి ఒంపేశాడు.

లచ్చవ్వకు ఒళ్లు మండిపోయింది. లేచి ఆ డబ్బాను తన్నాలనుకుంది, కాళ్లు రాలేదు. సింధూజ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, కోపం ఒంటికి చేటు, ఊపిరితో పాటు దాన్నీ వదిలెయ్యమంది. లచ్చవ్వ గోడకు ఆనుకుని, బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకుంది.

కొంతసేపయ్యాక సింధూజ గొంతు వినిపించింది. "అందరు ఒకసారి లచ్చవ్వను చూడండి. ఎంత స్థిరంగ కూసున్నదో. కోపం ఎట్ల పోయిందో చూసిండ్రా?"

ఆడవాళ్లంతా చూశారు. ముందు సుజాతకే అర్థమైంది. లచ్చవ్వ అంతసేపు దగ్గకుండా ఉండటం ఆమె ఎన్నడూ ఎరగదు. అత్తా అని పిలిచి చెయ్యి తాకితే, తల పక్కకు వాలిపోయింది. కోపం ఎక్కడికీ పోలేదు. కనుబొమల మధ్య ముడి అట్లాగే ఉంది.

అప్పుడు మధుకర్ ఎవరూ అడగకుండానే చిట్టీ రాసి సంతకం పెట్టాడు. తారీఖు మాత్రం నిన్నటిది వేశాడు.

పొద్దుగూకాక సుజాత ఆ ఇంట్లో దీపం పెట్టడానికి వెళ్లింది. చాట పక్కన తడిబట్ట మూట కనిపించింది. విప్పి చూస్తే పొద్దున కత్తిరించిన ఆకు, ఒక్కటీ విరగకుండా, చుట్టడానికి ఇంకా మెత్తగానే ఉంది.