నాన్న పోలిక

రొయ్యలు ఒలుస్తున్నాను. వీధి అరుగు మీద మా ఆయన అయ్యప్ప ఎవరితోనో ఫోనులో అంటున్నారు. "ఆయ్, ఇస్తాదండి. సొంత తమ్ముడికి కాకపోతే ఇంకెవరికిస్తాదండి?"

ఇచ్చేది నా కిడ్నీ అని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. చేతిలో రొయ్య జారి పళ్ళెంలో పడింది. తీసుకుని మళ్ళీ ఒలిచాను.

మా తమ్ముడు నూకరాజు మస్కట్‌లో లారీ నడిపేవాడు. బీపీ ఉన్నట్టు వాడికే తెలియదు. నలభై నిండకుండానే కాళ్ళు నీరు పట్టి అల్లవరం తిరిగొచ్చేశాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. ఇప్పుడు అమలాపురంలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. వాడంటే నాకు ప్రాణం. అడిగితే ఇచ్చేదాన్నేమో. ఎవరూ అడగలేదు. "ఆడదాని ఒళ్ళు గట్టిదే కుసుమా, ఇద్దర్ని కన్నావు, నీకిదో లెక్కా" అంది మా అమ్మ పైడమ్మ. "కొన్నాళ్ళు పోతే ఇంటిపని మామూలుగానే చేసుకోవచ్చంటండి" అని మా ఆయన అమ్మకి ధైర్యం చెప్పేరు.

ఆ రోజులన్నీ కలలో నడిచినట్టే ఉండేవి. ముట్టు ఆగిపోయినప్పటినుంచీ పొయ్యి దగ్గర నిలబడితే ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి కమ్మేది. వెళ్ళి పెరటి వెనక కాలవగట్టున కూర్చునేదాన్ని. గుర్రపుడెక్క పూలు తేలుతూ పోతుంటే నా తల కూడా వాటితోపాటు మెల్లగా కదిలిపోతున్నట్టుండేది. నాలోంచి ఇప్పటికే వెళ్ళిపోయినవి గుర్తొచ్చేవి. పిల్లలు తాగిన పాలు, నల్లటి జుట్టు, మధ్యాహ్నపు నిద్రలు. ఇప్పుడు ఇంకోటి పోతుంది, అంతేకదా అనుకునేదాన్ని. లోపలినుంచి "ఈమధ్య నీకు బద్ధకం బాగా పెరిగింది" అని ఆయన కేక వినపడేది. కాబోలు అని లేచేదాన్ని.

కాకినాడలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ లక్ష్మీప్రసన్న గారు అమ్మనీ, ఆయన్నీ బయట కూర్చోమన్నారు.

"ముందొక మాట. కిడ్నీ ఇవ్వడం మీకిష్టమేనా?"

ఎంతో కాలానికి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టనిపించింది. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆవిడ కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు.

"మీ నాన్నగారు ఎలా పోయారమ్మా?"

"కాళ్ళు, మొహం వాచి, ఆయాసంతోనండి. చిన్న వయసే."

"మీదీ, తమ్ముడిదీ నాన్నగారి పోలికేనా?"

"ఆయ్. ఆడపిల్లకి తండ్రి పోలికైతే అదృష్టమనేవారండి మా ఇంట్లో."

"ఆ పోలికతోపాటే, బీపీ వస్తే కిడ్నీలు తొందరగా దెబ్బతినే గుణం కూడా మీ ఇద్దరికీ వచ్చినట్టుంది. మగవాళ్ళలో ఇది ముందే బయటపడుతుంటుంది. మీకు ముట్టు ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళ హార్మోను కొంత కాపు కాసింది. అది తగ్గాక బీపీ పెరిగింది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. మీరు కిడ్నీ ఇవ్వకూడదమ్మా. ఇప్పుడు మందులు మొదలుపెడితే మీ కిడ్నీలు చాలాకాలం కాపాడుకోవచ్చు."

ఇన్నాళ్ళూ నాకు తెలియకుండా నా ఒంట్లో ఏదో నాకోసం కావలి ఉంది. నన్నేమీ అడగకుండా, ఏమీ చెప్పకుండా. అది కూడా అలిసిపోయి వెళ్ళిపోయిందని తెలిసి, చనిపోయిన దగ్గరి చుట్టం కోసం ఏడ్చినట్టు ఏడ్చాను.

తిరిగొస్తుంటే కారులో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. "ఇంత జబ్బు ఉంచుకుని ముందే చూపించుకోవద్దా" అన్నారు ఆయన, ముందు సీటులోంచి. తప్పు చేసినదానిలా తల వంచుకున్నాను. అంతలో నూకరాజు ఫోన్ చేశాడు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను.

"నాకు వేరే దారి చూస్తారంటక్కా. నువ్వు మందులు మానకు. నాన్నలా, నాలా ఊరుకోకు."

యానాం వంతెన ఎక్కాం. ఎండ పడి గోదావరి అంతా తెల్లగా ఉంది. నీరెక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. నేను కూడా అందులో కలిసిపోయినట్టు, ఒంటికి బరువే లేనట్టు ఉంది.

అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "మాత్రలు వేసుకుని బీపీ తగ్గించుకుంటే అప్పుడివ్వొచ్చేమోనే. ఇంకోసారి కనుక్కుందాం."

"అవునండి అత్తయ్యగారూ, కనుక్కుందాం" అన్నారు ఆయన.

సంచిలోంచి డాక్టరమ్మ రాసిచ్చిన మాత్ర తీసి, నీళ్ళతో మింగాను.

"కనుక్కోవద్దమ్మా. ఇవి నాకోసం వేసుకుంటున్నాను."