రెండు మైళ్ళ తేడా

మా చెల్లెలు లొరెయిన్ కొడుకు విన్స్ బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో పిచర్, అంటే బంతి విసిరేవాడు, అయిన ఏడాది మా ఈరీ పట్టణంలో ఎవరి చొక్కా వీపు మీద చూసినా వాడి పేరే. వాడికి ఆరేళ్ళప్పుడు తండ్రి పోయాడు. అప్పట్నుంచి మా పెరట్లో వాడు విసిరే బంతులు పట్టింది మేనమామనైన నేనే.

నాకు బేస్‌బాల్ పందేల పిచ్చి ఉంది. గుడ్డిగా కాసే రకాన్ని కాదు. రైలింజన్ల కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు కొలతలు చూసిన కళ్ళు నావి. ఏ పిచర్ ఎంత వేగంగా విసురుతున్నాడు, చెయ్యి ఎంత ఎత్తు నుంచి బంతి వదులుతోంది, ఎన్ని గురి తప్పుతున్నాయి, రోజూ కాఫీ తాగుతూ కంప్యూటర్‌లో చూసుకునేవాణ్ణి. జనం గెలుపోటములు చూసి కాస్తారు. నేను అంకెలు చూసి కాసేవాణ్ణి. విన్స్ ఆటల మీద మాత్రం కాసేవాణ్ణి కాదు.

ఆ జూలైలో వాడు వరసగా మూడు ఆటలు గెలిచాడు. కానీ వాడి బంతి వేగం గంటకి రెండు మైళ్ళు పడిపోయింది. చెయ్యి నాలుగంగుళాలు కిందికి దిగింది. అలాంటి అంకెలు అంతకుముందు ఇద్దరు ముగ్గురిలో చూశాను. వాళ్ళందరి మోచేతులూ నెల తిరక్కుండానే పోయాయి.

విన్స్‌కి చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. గెలుస్తున్నవాడికి అపశకునం పలకడమెందుకని పెట్టేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. వాడి జట్టే గెలుస్తుందని ఊరంతా ఎగబడుతోంది, అవతలి జట్టు మీద కాస్తే మూడింతలు వస్తుంది. ఆదివారం ఆటకి నాలుగు వందల డాలర్లు అవతలివాళ్ళ మీద కాశాను.

ఆదివారం బార్‌లో టీవీలో ఆట చూస్తుంటే నా పక్కన డ్యూయీ కూర్చున్నాడు. కార్ఖానాలో నాతో పనిచేసినవాడు.

"సొంత మేనల్లుడి మీదా? నీ గుండె ఇనుముతో పోతపోశార్రా, అర్మాండ్!"

"అంకెలకి చుట్టరికం ఉండదు," అన్నాను.

ఐదో ఇన్నింగ్స్‌లో విన్స్ ఒక బంతి విసిరి అక్కడే ఆగిపోయాడు. బంతి ఎటు పోయిందో కూడా చూడలేదు. ఎడమచేత్తో కుడి మోచేయి పట్టుకుని, పాలిపోయిన మొహంతో, డాక్టరు కోసం చూస్తున్నాడు.

"కొట్టావురా పందెం," అన్నాడు డ్యూయీ మెల్లగా. వెక్కిరింపు కాదు.

ఆపరేషనయ్యాక విన్స్ తల్లి దగ్గరికి వచ్చాడు. చూడ్డానికి వెళ్ళాను. చెయ్యి కట్టులో ఉంది. లొరెయిన్ సూప్ వేడిచేయడానికి లోపలికి వెళ్ళింది. నాకు దాచుకోవడం చేతకాలేదు. అంతా చెప్పేశాను, పందెంతో సహా.

వాడు కిటికీ వైపు తిరిగాడు.

"నాకూ నొప్పిగానే ఉండేది మామయ్యా. జట్టులోంచి తీసేస్తారని చెప్పలేదు."

"నేను ఫోన్ చేసుంటే ఆగేవాడివా?"

"ఏమో." చేతి కట్టు సర్దుకున్నాడు. "ఎవరైనా ఒక్కరు అడిగితే బాగుండునని మాత్రం రోజూ అనుకునేవాణ్ణి."

గిన్నెలతో వచ్చిన లొరెయిన్ మా ఇద్దరి మొహాలూ చూసింది. "ఏమైందన్నయ్యా?" అంది.

"ఏంలేదమ్మా, పాత ఆటల సంగతి," అన్నాడు విన్స్ నాకంటే ముందే.

ఎడమచేత్తో సూప్ తాగుతుంటే గడ్డం మీద ఒలికింది. తుడవబోయాను. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

రెండో ఆపరేషన్ కూడా పనిచేయలేదు. ఇప్పుడు బఫలోలో పైకప్పులు వేసే కంపెనీలో లెక్కలు చూస్తున్నాడు. క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు. లోపల ఏమీ రాయడు, సంతకం తప్ప.