బస్తా ఆకులకు ఒక తువ్వాలు

తువ్వాళ్ల ఫ్యాక్టరీ యజమాని ఇకపై బాయిలర్‌లో కట్టెలు వాడకూడదని నిశ్చయించాడు. ఎండుటాకులు, ఊక, రంపపు పొట్టు, ఏ చెత్తయినా సరే. బస్తా నింపి తెచ్చినవారికి ఒక తువ్వాలు ఉచితమని గేటుకు బోర్డు కట్టించాడు.

అందరికంటే ఎక్కువ సంతోషించింది బాయిలర్ మేస్త్రి. మొద్దులు మోసీ మోసీ అతని నడుం ఎప్పుడో వంగిపోయింది.

ముందు వీధులన్నీ అద్దంలా మెరిశాయి. తర్వాత జనం చెట్ల కింద దుప్పట్లు పరిచి కాపలా కూర్చున్నారు. మేస్త్రి అత్తగారు మరీను. పక్కింటి చెట్టుకొమ్మ తమ గోడ మీదికి వాలిందని ఏళ్ల తరబడి తిట్టిపోసిన మనిషి, ఇప్పుడు పొద్దున్నే దాన్ని "ఏం తల్లీ, బాగున్నావా?" అని పలకరిస్తోంది.

"మా వైపు రాలింది మాదే," అంది.

"చెట్టు మాదండీ!" అంది పక్కింటావిడ.

"అయితే కాడ నువ్వుంచుకో. ఆకు నాకియ్యి."

ఓపిక లేనివాళ్లు పచ్చి ఆకులే కోసి ఇస్త్రీపెట్టెతో ఎండబెట్టారు. చూస్తుండగానే ఊళ్లో చెట్లన్నీ మోడులయ్యాయి. ఎండ మాడ్చేస్తుంటే, ఇంటింటా గుట్టలు పడ్డ తువ్వాళ్లన్నీ కలిపి కుట్టి, వీధి పొడవునా పందిరి వేశారు.

ఫ్యాక్టరీలో మాత్రం కాల్చడానికి ఆకు లేక ఆవిరి ఆగిపోయింది. యజమాని మేస్త్రిని పిలిచి కిటికీలోంచి ఆ పందిరి చూపించాడు.

"వాడిన తువ్వాళ్లు చెత్తే కదయ్యా. పీక్కురా."

మేస్త్రి తలవంచుకుని ఇంటికొచ్చాడు. పందిరి కింద అత్తగారూ పక్కింటావిడా ఒకే మంచం మీద కూర్చుని విసురుకుంటున్నారు.

"అల్లుడుగారూ, దాని మీద చెయ్యేస్తే మా అమ్మాయితో చెప్తా," అంది అత్తగారు.

ఇంట్లోంచి అమ్మాయి గరిటెతో సహా బయటికొచ్చింది. మేస్త్రి చెప్పులు విప్పి నీడలో కూలబడ్డాడు. నడుం వాల్చగానే ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఎంతకీ రాని మేస్త్రిని వెతుక్కుంటూ యజమానే మండుటెండలో నడిచొచ్చాడు. ముఖం కందగడ్డయింది. తిట్టడానికి నోరు తెరిచాడు.

"ముందు కూర్చోండి బాబూ," అంది అత్తగారు, చెంబుతో నీళ్లిస్తూ.

ఆయన గటగటా తాగి మేస్త్రి పక్కనే కూర్చున్నాడు.

"ఏమయ్యా, చెట్లు ఎప్పుడు చిగురిస్తాయంటావ్?"

"మనం కోయకపోతే తొందరగానేనండి."

"అయితే అందాకా సెలవే," అని, మోచేయి తలకింద పెట్టుకుని కళ్లు మూశాడు.

కాసేపటికి గురక మొదలైంది. పక్కింటావిడ ఆయనవైపు కూడా విసరసాగింది.