అయిదో నెల దాకా

నూనె అంటకుండా చేతులకు బూడిద పులుముకుని రత్నాలమ్మ మరో గుప్పెడు జీడిపిక్కలు ముందుకు లాక్కుంది. పలాస జీడిపప్పు బట్టీలో పదహారేళ్లుగా అదే మూల, అదే పీట. జీడినూనెకు వేళ్లు నల్లబడి, చర్మం పొరలుగా లేచి, వేలిముద్ర అన్నది ఎప్పుడో చెరిగిపోయింది. ఆ పనే అలాంటిది, ఏం చేస్తాం! ఇవాళ మాత్రం ఆమె ముఖం కళకళలాడుతోంది. అయిదో నెల నిండింది మరి.

పెళ్లయిన పద్నాలుగేళ్లకు మొగుడు తాతారావు ఆమెను విశాఖలో డాక్టరమ్మకు చూపించాడు. పిల్లల కోసం రెండేళ్లు సూదులు పొడిపించుకుంది. 2003 దసరా వెళ్లాక నెల తప్పింది. ఆ వెంటనే ఎడమ రొమ్ములో పిక్కంత గడ్డ చేతికి తగిలింది. పాలు పడుతున్నాయనుకుంది, పిచ్చిది. డాక్టరమ్మ రమ్మన్న తారీఖుకు వెళ్లలేదు. రైలు కుదుపులకు నిలిచింది కాస్తా జారిపోతే? అయిదో నెల దాకా బయట ఎవరి చెవినా వేయకూడదని అత్త పెద్దతల్లి కట్టడి చేసింది. దిష్టి తగులుతుందట. ఇంట్లోవాళ్లకు కడుపు సంగతి తెలుసుగానీ, గడ్డ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం గంజన్నం తిన్నాక, పక్క పీట ఎర్రమ్మను గోడచాటుకు పిలిచి ఆ శుభవార్త చెప్పింది. నలుగురిని కన్న ఎర్రమ్మ మురిసిపోతూ ఆమె పొట్ట తడిమింది. మళ్లీ తడిమింది. తర్వాత రత్నాలమ్మే, పాలు పడుతున్నాయి చూడమంటూ, ఆ చేతిని తీసి రొమ్ము మీద పెట్టుకుంది. గడ్డ కోడిగుడ్డంత ఉంది. రాయిలా ఉంది, కదలడం లేదు.

"ఇది పాలు కాదే పిల్లా," అంది ఎర్రమ్మ. "కడుపేది? నాకేటీ తగల్నేదు."

"ఇంకా సిన్నది గదా వదినా," అంటూ రత్నాలమ్మ రవిక సర్దుకుంది. సాయంత్రం దాకా వంచిన తల ఎత్తకుండా పిక్కలు కొట్టింది.

ఎర్రమ్మ చెబితే తాతారావు ఆమెను విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ కేన్సరన్నారు, చంకలోకి పాకిందన్నారు, అసలు కడుపే రాలేదన్నారు. ఆ సూదులే తెచ్చాయా అని తాతారావు ఏడుస్తూ అడిగాడు. అలాగని చెప్పలేమనీ, గడ్డ తగిలిన నాడే రావలసిందనీ డాక్టరు అన్నాడు.

"అయిదో నెల దాకా ఆగమన్నారు బాబూ," అంది రత్నాలమ్మ. "ఆగినాను."

వానలు ముదిరేసరికి ఆమె పోయింది. బట్టీలో ఆ పీట ఇంకొకరికిచ్చారు.

పిల్లల కోసం సూదులు వేయించుకున్న రోజుల్లో, ఇంట్లో ఫ్రిజ్ లేక ఆ సూదిమందు వీధి చివరి కూల్‌డ్రింకుల కొట్లో దాచేవాళ్లు. అక్కడ సోడాసీసాల వెనక చెమ్మ పట్టిన అట్టపెట్టె ఒకటి ఇంకా ఉంది. దాని మీద పెన్నుతో రాసిన రత్నాలమ్మ పేరు సగం అలుక్కుపోయింది.