ఆరో స్లైడు

ఒకే మాటను వదిన మూడోసారి కూడా అక్షరం పొల్లుపోకుండా చెప్పేసరికి ఎముకల మాస్టారికి అనుమానం ముదిరింది. "రిపోర్టు ఇంకా రాలేదయ్యా" అంటుంది ఫోనులో. రిపోర్టు రాసేదే ఆవిడ. ఆస్పత్రి ల్యాబులో కణాలు చూసి జబ్బు పేరు చెప్పే డాక్టరు. తను రాయాల్సింది తనకు రాకపోవడమేమిటి?

మాస్టారి భార్య మెడలో గోళీకాయంత గడ్డ తేలి మూడు వారాలైంది. సోమవారం వదినే స్వయంగా తన చెల్లెలి మెడలో సూది పెట్టి నమూనా తీసింది. ఇవాళ గురువారం.

ఆయన పనిచేసేది మ్యూజియంలో. తవ్వకాల్లో బయటపడ్డ వేల ఏళ్లనాటి ఎముకల్ని చూసి, ఆ మనిషిని బతికుండగా ఏ జబ్బు పట్టి పీడించిందో తేల్చడం ఉద్యోగం. ఆ ఉదయం ఇసుక తట్టలో ఒక స్త్రీ వెన్నుపూస ఉంది. దానిలో శనగగింజంత రంధ్రం. అంచు నునుపుదేరి ఉంటే లోపలి జబ్బు తొలిచినట్టు. పదునుగా, లేతరంగుగా ఉంటే పోయాక మట్టిలో ఏ వేరో, ఏ పారో చేసిన పని. రోజూ చూసే చూపే. ఇవాళ మాత్రం భూతద్దంలోంచి ఆయనకు భార్య మెడే కనిపించింది. పూస మీద గుడ్డ కప్పి, బస్సెక్కి ల్యాబుకు వెళ్లారు.

తలుపు తీసింది రంగుల తాత. నమూనాలున్న గాజు స్లైడ్లను రంగు జాడీల్లో ముంచి తీయడం అతని పని. వేళ్ల కొసలు ఎప్పుడూ ఊదారంగే. స్టూలు లాగి, భుజం మీది తువ్వాలుతో తుడిచి మరీ వేశాడు. మొహంలోకి మాత్రం చూడలేదు. మాస్టారు కూర్చోకుండా నేరుగా వదిన బల్ల దగ్గరకు నడిచారు.

"నిజం చెప్పండి వదినా. ఎన్నాళ్లు?"

"ఏమిటి ఎన్నాళ్లు?"

"దానికి."

"బాగుందయ్యా సంబడం! అప్పుడే దాన్ని నీ ఎముకల లెక్కలో వేసేశావా?" అని కసిరింది గానీ, వదిన గొంతులో కసురు లేదు. ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు దగ్గరకు పిలిచింది. "ఆరు స్లైడ్లు. అయిదింట్లో ఏమీ లేదు. ఆరోదాంట్లో ఒక్కటే గుంపు."

"క్యాన్సరా?"

"క్యాన్సరే. అందులో అనుమానం లేదు. మెడలో పుట్టింది కాదు, ఇంకెక్కడిదో."

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నారు. "అంటే ఒళ్లంతా పాకిందనా? మరి ఇంకా అనుమానం దేనికి?"

"అది అసలు మా చెల్లెలిదేనా అని."

ఇద్దరూ చూస్తుండగా ఆవిడ ఫోకస్ మర తిప్పింది. భార్య కణాలు ముగ్గులా స్పష్టంగా తేలాయి. గుంపు మసక. వెంట్రుకవాసి తిప్పింది. గుంపు తేటపడింది. కింద భార్య కణాలు నీళ్లలో మునిగినట్టు మాయమయ్యాయి.

"పైన వాలింది," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "లోపల పెరిగింది కాదు. బయటనుంచి అంటుకుంది."

"నాకూ అలాగే కనిపిస్తోంది."

ఊపిరి తీసుకోబోయి ఆయన ఆగిపోయారు. "మనకు కావాలని అలా కనిపిస్తోందేమో వదినా."

"మూడు రోజులుగా నాకు తిండి సయించనిది అందుకే కదయ్యా! ఇంకొకరి స్లైడైతే సోమవారమే రాసి పడేసేదాన్ని. చెల్లెలిది. నన్ను నేనే నమ్మలేకపోతున్నా."

మాస్టారు ఎముకల దగ్గర అడిగే ప్రశ్నే అడిగారు. "ఆ రోజు దీని పక్కన ఏమున్నాయి? అదే జాడీలో ఏవేం మునిగాయి?"

వదిన తాతవైపు చూసింది. ఒంట్లోంచి తీసిన నీళ్ల నమూనాలను ఎప్పుడూ చివరన ముంచాలి. వాటి కణాలు గాజును పట్టుకోలేక రంగులో రాలిపోతాయి. తర్వాత మునిగిన స్లైడు మీద వాలతాయి. అది ఈ ల్యాబులో మొదటి నియమం.

"నేను తాతను అప్పుడే అడిగాను. వరస తప్పలేదన్నాడు."

"తప్పలేదమ్మా," అన్నాడు తాత, చేతులు వెనక్కి పెట్టుకుని. "ముప్ఫై ఏళ్ల సర్వీసు."

అబద్ధమని మాస్టారికి అనిపించింది. నిలదీయబోయి మానుకున్నారు.

"తాతా, ఒకసారి నా పార తగిలి ఓ పుర్రెకు గాటు పడింది. రెండేళ్లపాటు దాన్ని యుద్ధంలో తగిలిన కత్తిదెబ్బని అందరికీ చూపించాను. ఒప్పుకోవడానికి మూడో ఏడు పట్టింది. నీకంత టైము లేదు. మా ఆవిడ ఇంట్లో కూర్చుని అద్దంలో మెడ చూసుకుంటోంది."

తాత తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "బస్సు కండక్టరొకాయన, బాబూ. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీళ్లు తీశారు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఒకటే బతిమాలింది. సరేలెమ్మని ఆయనది ముందు ముంచేశా. ఇంతలో అమ్మగారి చెల్లెలిగారిది వచ్చింది. ఆలస్యం కాకూడదని రంగు వడకట్టకుండానే..."

వదిన కంప్యూటరు దగ్గరకు వెళ్లింది. కండక్టరు రిపోర్టు తెరిచింది. "ఆ గుంపు రాలిపోయిన స్లైడు చూసి, ఆయనకు క్యాన్సరు లేదని రాశాను," అంది. "సంతకం నాదే."

మధ్యాహ్నం చెల్లెల్ని పిలిపించి మళ్లీ సూది పెట్టింది. ఫ్రిజ్‌లో మిగిలిన కండక్టరు నమూనాను మెషీన్లో గిరగిర తిప్పించి, అడుగున పేరుకున్న కణాలతో కొత్త స్లైడ్లు చేయించింది. వేరువేరు జాడీలు, కొత్త రంగు. ఏది ఎవరిదో తనకు తెలియకూడదని పేర్ల మీద కాగితం అంటించి, కలిపి ఇమ్మని తాతకే చెప్పింది. ఆ పని మళ్లీ తనకే అప్పగించేసరికి తాత ప్రతి కాగితాన్నీ రెండుసార్లు ఒత్తి అంటించాడు.

పది స్లైడ్లు. ఒక్కొక్కటే మైక్రోస్కోపులో చూసి, ఏడింటిని వదిన ఎడమవైపు పెట్టింది. మూడింటిని కుడివైపు.

"కుడివైపువి ఒకరివే. సోమవారం గుంపు ఇదే. తియ్యి తాతా కాగితాలు."

మూడూ కండక్టరువే. ఎడమవైపు ఏడూ చెల్లెలివే.

"నాది కాదుగా అక్కా?" మెడ మీద దూది అదుముకుని అడిగింది మాస్టారి భార్య.

"కాదే. నీది ఉత్త గడ్డే. నీ మొగుడి బెంగంత కూడా లేదు."

ఆవిడ నవ్వబోయింది. మాస్టారు గోడకు ఆనుకుని కళ్లద్దాలు తీసేశారు. అప్పుడు ఆవిడ చూపు కుడివైపున్న మూడు స్లైడ్ల మీద పడింది.

"మరి ఆయనకు తెలుసా?"

వదిన ఫోనందుకుంది. తాత బయటకు వెళ్లబోతే, మాస్టారు అతని చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ల్యాబునుంచి డాక్టర్నండీ."

అవతలి గొంతు గదిలో అందరికీ వినపడింది, హుషారుగా. "చెప్పండి డాక్టరమ్మా! మందులు పనిచేస్తున్నాయండీ. రేపు డ్యూటీకి కూడా వెళ్దామనుకుంటున్నా."

వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"డ్యూటీకి వెళ్లకండి. పొద్దున్నే మీ ఆవిడను తోడు తీసుకుని నా దగ్గరకు రండి. మీ రిపోర్టు నేను తప్పు రాశాను."