వేరు ఖాతాలో పెట్టిన పూచీ

అక్టోబరులో ఒకరోజు వెర్లా రూర్డా గరాజ్ తలుపు ఎత్తడం మరచిపోయి బ్యూక్ కారును వెనక్కి నడిపింది. తలుపు రెండు ముక్కలై వాకిట్లో పడింది. ఆ సాయంత్రమే ఆమె కోడలు టామ్రా కారు తాళాలు తీసి తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య మాటంటే ఉప్పు ఇటు అందించమనడమే. మిగిలినవన్నీ విసుర్లు.

ఫిబ్రవరిలో టామ్రాకు అత్తతో పని పడింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వెర్లా సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఓవెన్‌లో మాంసం ఉడుకుతోంది. టామ్రా కోటు విప్పకుండానే అడిగింది.

"వెర్లా, మీరొకసారి ఆఫీసుకి రావాలి."

"ఏ ఆఫీసుకి?"

"మన ఆఫీసుకి."

"మన ఆఫీసా! రిటైరైన రోజు కేకు కోసి, చేతులు కడుక్కుని వచ్చేశాను నేను. ఇప్పుడది నీ ఆఫీసు. కుర్చీ నీదేగా."

ఇద్దరూ పనిచేసింది డిమోయిన్ ఊరి నడిబొడ్డున ఉన్న ఒకే జీవిత బీమా కంపెనీలో. పన్నుల విభాగానికి వెర్లా చాలాకాలం పెద్ద. ఆమె దిగిపోయేటప్పుడు, బయటినుంచి ఎవరినైనా తెచ్చుకోండి, ఇంట్లో మనిషి వద్దు అని పైవాళ్లందరికీ చెప్పింది. వాళ్లు వినలేదు. కుర్చీ టామ్రాకు వచ్చింది. ఆ మరుసటి ఏడు మోకాలి ఆపరేషనయ్యాక మెట్లెక్కలేక వెర్లా కొడుకింటికి చేరింది. తన కుర్చీ పోయింది, తన వంటిల్లు పోయింది, చివరికి కారూ పోయింది. మూడూ చేరింది ఒక్క మనిషి చేతికే.

"ఫెడరల్ పన్నుల వాళ్లు వేరియబుల్ యాన్యుటీల రిజర్వు పట్టుకున్నారు," అంది టామ్రా. "మీరు పెట్టిన పద్ధతే."

చాకు ఆగింది. "పట్టుకోవడమంటే?"

"తప్పంటున్నారు."

వెర్లా మళ్లీ చెక్కు తీయడం మొదలుపెట్టింది, ఈసారి మందంగా.

విషయం పెద్ద చిక్కయినదేమీ కాదు. మార్కెట్‌తో పెరిగి తరిగే యాన్యుటీ, అంటే ముసలితనానికి దాచుకునే పింఛను పథకం, కొన్నవాళ్ల సొమ్మును కంపెనీ తన సొమ్ముతో కలపకుండా వేరు ఖాతాలో ఉంచుతుంది. అదిగాక ఒక పూచీ కూడా ఇస్తుంది: మార్కెట్ కూలిన సమయంలో ఆ మనిషి పోయినా, కట్టిన అసలుకు తగ్గకుండా ఇంటివాళ్లకు ముడుతుందని. ఆ పూచీ కోసం కంపెనీ కొంత సొమ్ము పక్కన పెట్టాలి. అదే రిజర్వు. పన్ను లెక్కలో ఇలా పక్కన పెట్టినదాన్ని ఆదాయంలోంచి తీసేయొచ్చు. అయితే కొత్త చట్టం వచ్చాక ఒక తేడా ఏర్పడింది. వేరు ఖాతాలోని కస్టమర్ల సొమ్మును పూర్తిగా తీసేయొచ్చు. కంపెనీ పూచీకి పెట్టినదాన్ని మాత్రం నూటికి తొంభైమూడు దాకానే. వెర్లా రిటైరయ్యే ముందు పూచీ సొమ్మును కూడా ఆ వేరు ఖాతాలోనే పెట్టించి, మొత్తానికి మొత్తం తీసేసింది. ఆ తర్వాత ఏటేటా అదే లెక్క కింద టామ్రా సంతకం చేస్తూ వచ్చింది.

"ఎందుకలా పెట్టారో మీరొచ్చి చెబితే చాలు," అంది టామ్రా. "తెలిసిన మనిషి సలహా నమ్మి చేశామని తేలితే జరిమానా ఎత్తేస్తారట. పన్నూ వడ్డీ కట్టేసి ఊరుకుంటాం."

"తేలకపోతే?"

"బోర్డు ఒక పేరు అడుగుతుందని పైనున్న గ్రెగ్ అన్నాడు. కాగితాల మీదున్న పేరు నాది."

"ఉద్యోగం పోతుందంటావు."

"పోతుంది."

వెర్లా దుంపల గిన్నెలో నీళ్లు పోసి, చేతులు తుడుచుకుని, అరచేయి చాపింది. "తాళాలు."

"ఏంటి?"

"నా కారు తాళాలు. అవిస్తే వస్తాను. దేవుడి పుస్తకం మీద చెయ్యేసి చెప్పమన్నా చెప్తాను."

"గరాజ్ తలుపు కనపడని మనిషికి నేను తాళాలివ్వను. ఎదురింటి వాళ్లు రోజూ కుక్కని నడిపించేది ఆ వాకిట్లోంచే."

"కుక్క మీదున్న జాలి నీకు నీ ఉద్యోగం మీద లేదన్నమాట."

"కుక్క నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు."

హాల్లో బాస్కెట్‌బాల్ ఆట చూస్తున్న కర్టిస్ టీవీ చప్పుడు తగ్గించి లోపలికొచ్చాడు. తల్లినీ భార్యనీ చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. "అమ్మా, ఇంటి సంగతి కూడా ఆలోచించు. ఆ జీతం లేకపోతే ఈ ఇంటి వాయిదా నేనొక్కణ్ణే కట్టలేను."

"ఆలోచించే అడిగాను. నీ పెళ్లాన్ని ఆలోచించమను."

"టామ్, వారానికొక్కసారి, పగటిపూట..."

"నువ్వు ఆట చూసుకో కర్టిస్," అంది టామ్రా. అతను వెళ్లి ఆట చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ మాంసం, దుంపలు తిన్నారు. ఎవరూ ఎవరినీ ఉప్పు కూడా అడగలేదు.

వెర్లాను కదిలించింది కోడలు కాదు, గ్రెగ్ హాల్వర్సన్. కంపెనీ ఆర్థిక వ్యవహారాల పెద్ద అతను. మంగళవారం తనే ఇంటికి ఫోన్ చేసి, ఆ పద్ధతి గురించి చెప్పగలిగిన బుర్ర ఈ రాష్ట్రంలోనే మరొకటి లేదన్నాడు. వెర్లా ఫోన్ పెట్టేసి నీలం సూటు ఇస్త్రీ చేసుకుంది. "నీ కోసం కాదు," అని కోడలితో చెప్పింది. "నా పేరు కోసం వస్తున్నాను."

తనిఖీ అధికారితో సమావేశానికి ముందురోజు గ్రెగ్ టామ్రాను స్కైవాక్‌లో పట్టుకున్నాడు. మంచు నెలల్లో ఆ ఊళ్లో ఎవరూ వీధిలోకి దిగరు, భవనం నుంచి భవనానికి ఆ అద్దాల వంతెనల మీదే నడుస్తారు. పక్కన కంపెనీ లాయరు కూడా ఉన్నాడు.

"ఒక్కటి చెప్పు టామ్రా," అన్నాడు లాయరు. "ఆ లెక్క మీద నీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? వచ్చీ ఊరుకుంటే దాన్ని నమ్మకం అనరు. జరిమానా ఖాయం."

"లేదు," అంది టామ్రా.

అది అబద్ధం. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఏడాదే, పండగ భోజనాల వేళ ఆమె అత్తను అడిగింది, పూచీ సొమ్ముకు కోత పడాలి కదా అని. వెర్లా తల ఎత్తకుండా, "తిండి చల్లారిపోతోంది, ముందు తిను," అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. టామ్రా మళ్లీ అడగలేదు.

తనిఖీకి వచ్చిన అధికారి పేరు డెలోరిస్ ప్రూయిట్. నిరుటి నుంచీ కంపెనీ తొమ్మిదో అంతస్తులో ఇచ్చిన చిన్న గదిలోనే కూర్చుని లెక్కలు చూస్తోంది. అన్నాళ్లలో ఆ కంపెనీ కాఫీ ఒక్క చుక్క తాగలేదు. మంచినీళ్లు కూడా ఇంటినుంచే సీసాలో తెచ్చుకుంటుంది. ఆఫీసులో అందరూ తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే రోజుల్లో గది తలుపు వేసుకుంటుంది. తనిఖీ చేసే చోట చెయ్యి తడుపుకోవడం ఆ ఉద్యోగంలో లేదు.

ఆ సంగతి వెర్లాకు అందరికంటే బాగా తెలుసు. అయినా సమావేశం రోజు, గ్రెగ్, లాయరు, టామ్రా కూర్చున్న గదిలోకి వేరుశనగ వెన్నా చాక్లెట్టూ పోసి చేసిన స్కాచరూలనే మిఠాయి ముక్కల డబ్బా పట్టుకొచ్చి, మూత తీసి, సరిగ్గా డెలోరిస్ ముందు పెట్టింది.

"మీరు తినరని తెలుసు. మీకు ముందొచ్చిన వాళ్లూ తినలేదు. అయినా ప్రతిసారీ నేను తెచ్చేదాన్ని."

"వాసన బాగుందండి," అని డెలోరిస్ డబ్బాను వేలితో బల్ల మధ్యకు నెట్టింది. "పూచీ సొమ్మును వేరు ఖాతాలో ఎందుకు పెట్టించారు?"

"రెండువేల ఎనిమిదిలో మార్కెట్ కూలినప్పుడు మీరెక్కడున్నారో నాకు తెలీదు. నేను ఇక్కడే ఉన్నాను. ఏ మూడు నెలల్లో లాభం తగ్గినా పైవాళ్ల కళ్లు ఆ పూచీ సొమ్ము మీదే. కాస్త తగ్గించలేమా వెర్లా, కాస్త సర్దలేమా వెర్లా." ఆమె గ్రెగ్ వైపు చూడలేదు. గ్రెగ్ మాత్రం కిటికీ వైపు చూశాడు. "అందుకని వాళ్ల చెయ్యి అందని చోట పెట్టాను, కస్టమర్ల సొమ్ము పక్కనే. ఆ ఖాతాలో ఉన్నదంతా పూర్తిగా లెక్కకొస్తుందని చట్టంలో ఉంది. అలాగే చదివాను, అలాగే చేయించాను."

"చెయ్యి అందకపోవడం వేరు, కస్టమర్ సొమ్ము కావడం వేరు కదండీ. పూచీ మీ కంపెనీది. ఏ డబ్బాలో దాచినా కంపెనీదే."

"అది మీరు చదివిన తీరు. నేను చదివింది వేరు. నన్నడగండి, నా మాట నేను చెప్తాను."

"సరే." డెలోరిస్ ఏదో రాసుకుంది. "మీరు వెళ్లాక ఈవిడ దీన్ని తిరిగి పరిశీలించారా?"

వెర్లా అప్పుడు మొదటిసారి కోడలి వైపు చూసింది.

"ఈవిడా? ఈవిడకంత ఆలోచన ఎక్కడిదండీ! మంచి పిల్లే, చెప్పింది చేస్తుంది. గీత గీసిస్తే దాని మీద నడుస్తుంది. కానీ ఇలాంటివి పట్టుకోవడానికి బుర్ర కావాలి. నేను రాసిచ్చినదాని కింద పేరు పెట్టడం తప్ప ఈవిడ చేసిందేమీ లేదు. అందులో ఏముందో ఈ రోజుకీ అర్థమై ఉండదు."

లాయరు ముఖం వికసించింది. గ్రెగ్ కుర్చీలో వెనక్కి వాలాడు. కంపెనీకి కావలసిన మాట అదే. తెలియని మనిషి, తెలిసిన మనిషిని నమ్మింది. ఇక జరిమానా లేదు, బోర్డు ఏ పేరూ అడగదు.

డెలోరిస్ టామ్రా వైపు తిరిగింది. "నిజమేనా? మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

ఒక్క మాట చాలు. లేదు అంటే చాలు. నిన్న స్కైవాక్‌లో అన్న మాటే. ఇంటి వాయిదా, వైద్య బీమా, కుర్చీ, అన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి.  బల్లకు అవతల అత్త నీలం సూటులో చేతులు కట్టుకుని, పెదాలు బిగించి, తను తల ఊపుతుందని ఎదురుచూస్తోంది. ఈ ఒక్కసారి తల ఊపితే ఇక జీవితమంతా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర తల ఊపుతూనే ఉండాలి. తెలివితక్కువదాన్ననిపించుకోవడం కంటే తప్పు చేశాననిపించుకోవడమే నయమనిపించింది.

"వచ్చింది," అంది టామ్రా. "మొదటి ఏడాదే వచ్చింది. కోత పడాలని నాకు తెలుసు. ఈస్టర్ నాడు భోజనాల దగ్గర ఈవిణ్ణి అడిగాను కూడా. హామ్ చల్లారిపోతోంది, తినమన్నారు. తిన్నాను. ఆ తర్వాత ఏటా సంతకం చేశాను. అర్థం కాక కాదు. ఇంట్లో రోజూ ఈవిడ మొహం చూడాలి కాబట్టి."

 లాయరు పెన్ను మూత పెట్టాడు. డెలోరిస్ చాలాసేపు రాసింది. రాయడం అయ్యాక, "మీరు చెప్పినందుకు థాంక్స్," అంది, జాలి గానీ కోపం గానీ లేకుండా. తన నీళ్ల సీసా తీసుకుని వెళ్లిపోయింది.

గ్రెగ్ లేచి కోటు తొడుక్కున్నాడు. "సోమవారం నుంచి రానక్కర్లేదు టామ్రా. నీ సామాన్లు ఇంటికి పంపిస్తాం." వెర్లా వైపు తిరిగి ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. స్కాచరూ ఒకటి తీసుకుని నములుతూ బయటికి నడిచాడు.

పార్కింగ్ దగ్గర మంచు గట్టిపడి జారుతోంది. టామ్రా అత్తకు చెయ్యి అందించింది. వెర్లా దాన్ని పట్టుకోకుండా కారు తలుపు పట్టుకుని ఎక్కింది. ఖాళీ కాని డబ్బా ఒళ్లో పెట్టుకుంది. తాళాలున్న టామ్రా హ్యాండ్‌బ్యాగ్ ఇద్దరి మధ్యా ఉంది.

కారు ఫ్రీవే ఎక్కింది.

"నిన్ను గట్టెక్కించబోయాను, మొద్దుమొహమా," అంది వెర్లా.

"నన్ను గాడిదని చెప్పి గట్టెక్కించడమా?"

"గాడిదకి ఉద్యోగముంటుంది."

"మీరు గట్టెక్కించలేదు. అదంతా మీరు నిజంగానే అనుకుంటున్నారు."

 వెర్లా కిటికీలోంచి మంచు కప్పిన మొక్కజొన్న మోళ్ల వైపు చూస్తూ కూర్చుంది.

"కొంత అనుకున్నాను," అంది. "నీకు తెలుసనుకోలేదు. ఏదో అడగాలని అడిగావనుకున్నాను."

"అప్పుడు జవాబు చెప్పాల్సింది."

"జవాబుంటే చెప్పేదాన్ని." ఆ మాట అనేసి వెర్లా డబ్బా మూత గట్టిగా నొక్కింది. వెంటనే గొంతు మార్చింది. "అయినా అది ఈస్టర్ కాదు, థ్యాంక్స్‌గివింగ్. హామ్ కాదు, టర్కీ కోడి. ప్రభుత్వం వాళ్ల ముందు చెప్పేటప్పుడైనా సరిగ్గా చెప్పడం నేర్చుకో."

"ఇక చెప్పే పని ఉండదులెండి."

"కర్టిస్‌కి ఏం చెప్తావు?"

"మీ అమ్మ బుర్ర లేదంది, ఉందని నిరూపించుకొచ్చానని చెప్తాను."

"నిరూపించావులే! బుర్రున్న మనిషెవరూ ఆ పని చెయ్యరు."

టామ్రా స్టీరింగ్ బిగించి పట్టుకుంది. ముందున్న లారీ మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు జల్లుకుంటూ పోతోంది, రవ్వలు అద్దానికి వచ్చి తగులుతున్నాయి. ఇల్లు ఇంకా నాలుగు ఎగ్జిట్ల దూరంలో ఉంది. కర్టిస్ ఈపాటికి వచ్చేసి టీవీ పెట్టుకుని ఉంటాడు.

"అంటే ఇక రోజంతా నువ్వు ఇంట్లోనే ఉంటావన్నమాట," అంది వెర్లా.

"ఉంటాను."

"పొద్దున్నుంచి రాత్రి దాకా."

"అవును."

వెర్లా హ్యాండ్‌బ్యాగ్ మీదికి అరచేయి చాపింది. "అయితే ఇప్పుడైనా ఆ తాళాలు ఇలా పడెయ్యి. నేనెక్కడికైనా పోవాలి కదా."

టామ్రా ఒక చేత్తోనే బ్యాగ్ తీసి తన ఒళ్లో పెట్టుకుంది.